హన్మకొండల కూసోని బంగాళాఖాతాన్ని తొట్టిల చూసుడెట్ల

మా అక్క కొడుకు కాజీపేటల తొమ్మిది చదువుతుండు. పోయిన నెల స్కూల్ల సైన్స్ ఫేర్ ఉన్నదని వచ్చి "మామా, అగ్నిపర్వతం వద్దు, అందరు అదే చేస్తరు, ఇంకేదన్న చెప్పు" అన్నడు. వంట సోడా అగ్నిపర్వతాలు చూసి చూసి నాకు గూడ యాష్టకొచ్చింది, సరే సముద్రం చేద్దాం పా అన్న. "వరంగల్ల సముద్రమేంది మామా" అని పడి పడి నవ్విండు. నాలుగు రోజులు ఇద్దరం ఉప్పు, ఐసు, రంగులు పెట్టుకొని ఆగమాగం చేసినం, చెడగొట్టింది ఎక్కువ, సక్కగ వచ్చింది తక్కువ. మీరు గా తప్పులు చెయ్యకుండ ఉంటరని మొత్తం రాస్తున్న. టీచర్లకు, పిల్లలున్నోళ్ళకు పనికొస్తది, ఏం పని లేనోళ్ళకు గూడ పనికొస్తది.

ముందుగాల మనకు సముద్రంతోని పనేందో చెప్త. 2023 జూలై 27 పొద్దటికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్క దినంల 64.98 సెంటీమీటర్ల వాన పడ్డది, మన రాష్ట్రంలనే రికార్డు. గా వాన బంగాళాఖాతం దిక్కు లేచిన అల్పపీడనంతోని వచ్చింది. మరి పడ్డ నీళ్ళు ఎటు పోతయ్? మేడారం కాడ జంపన్న వాగుల పారిన నీళ్ళయితే గోదాట్ల కలుస్తయ్, భద్రాచలం దాటి ధవళేశ్వరం దాటి మళ్ళ బంగాళాఖాతంలనే పడ్తయ్. అంటే సముద్రం మనకు ఉప్పు లేని నీళ్ళు పంపుతది, మనం వాపస్ ఇస్తం. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, కృష్ణ, అటు బర్మా దిక్కు ఐరావతి, ఇవన్ని గూడ గదే పని చేస్తయ్. గిట్ల వాపస్ పోయిన తియ్యటి నీళ్ళు ఉప్పు నీళ్ళల్ల ఎంబడే కలిసిపోవు, తేలికగ ఉంటయ్ కాబట్టి మీదనే మూత లెక్క పర్సుకొని కూసుంటయ్. గా మూతను ఇంట్ల కండ్లతోని చూసుడే మన పని, తర్వాత అసలు సముద్రంల ఎక్కడ ఉన్నదో కంప్యూటర్ల వెతుకుడు.

సామాను పెద్దగేం లేదు. అద్దం తొట్టి కావాలె, చేపల దుకాణంల దొరికే అన్నిట్ల చిన్నది సాలు. మేము మొదలు తొక్కు పెట్టే గాజు సీస తీస్కున్నం, అది గుండ్రంగ ఉండే సరికి లోపటి గీతలు వంకర టింకర కనపడ్డయ్, తొట్టే మంచిది. ఒక్క గ్రాము దాక చూపెట్టే డిజిటల్ కాంట. నీళ్ళల్ల ముంచే డిజిటల్ థర్మామీటర్, చేపల దుకాణంలనే ఉంటది. జ్వరం చూసేది తెచ్చి మా వాడు ఒకటి ఖరాబు చేసిండు, అది 35 నుంచి 42 దాకనే చూస్తది, ఐసు నీళ్ళల్ల పెడితే దానికేం తెలుస్తది. మిఠాయిలల్ల వేసే రంగు రెండు తీర్లది. పసుపు మాత్రం వద్దు, కరగది, కిందికి దిగి బురద లెక్క కూసుంటది, మాకు అయింది గదే. ఇగ అన్నిటి కన్న ముఖ్యమైంది సెలైన్ పైపు. మెడికల్ షాపుల ఐవీ సెట్ అని అడుగుండ్రి, దాని చక్రం తిప్పితే బొట్టు బొట్టుగ కావాల్నంటే గట్ల, సన్న ధారగ కావాల్నంటే గట్ల వస్తది. సూది తీసి పడెయ్యుండ్రి.

నీళ్ళు బోరుయి వద్దు, బోరు నీళ్ళల్ల ముందే ఏవేవో లవణాలు ఉంటయ్, లెక్క తప్పుతది. ప్లాంటు నుంచి తెచ్చుకునే ఇరవై లీటర్ల క్యాన్ నీళ్ళు వాడుండ్రి. ఉప్పు ప్యాకెట్‌ది అయితే నీళ్ళు కొంచెం పాల రంగు తిరుగుతయ్, గడ్డ కట్టకుండ అండ్ల పొడి ఏదో కలుపుతరు గద, గంటసేపు పెడితే తేరుకుంటది. దొడ్డు ఉప్పు అయితే బట్టల వడకట్టాలె.

ఇప్పుడు సముద్రపు నీళ్ళు చేసుడు. సముద్రంల సగటున కిలో నీళ్ళకు 35 గ్రాముల లవణాలుంటయ్ అంటరు. ఇక్కడ్నే అందరు తప్పు చేస్తరు, లీటర్ నీళ్ళు తీసి అండ్ల 35 గ్రాములు వేస్తరు, అప్పుడు మొత్తం బరువు 1035 గ్రాములు అయితది, లెక్క తీస్తే 33.8 వస్తది. కిలో అంటే ఉప్పుతో కలిపి కిలో. కాబట్టి నీళ్ళు 965 గ్రాములు, ఉప్పు 35 గ్రాములు. ఇంత చిన్న తేడాకు గంత రందెందుకు అని మా అక్క అన్నది, కని అసలు సముద్రం మీద పని చేసేటోళ్ళు గ్రాముల వందో వంతు కోసం కొట్లాడుతరు, మనం కనీసం గ్రామన్న చూడాలె గద.

గిట్లనే నాలుగు తీర్ల నీళ్ళు సీసలల్ల చేసి పేర్లు రాసి పెట్టుకోండ్రి. 28 గ్రాములది బంగాళాఖాతం ఉత్తరం దిక్కుది, వానకాలం అయిపోయినంక నదుల నోళ్ళ కాడ ఇంత కన్న తక్కువ గూడ ఉంటది. 35ది సగటు సముద్రం. 36.5ది అరేబియా సముద్రం. 40ది ఎర్ర సముద్రం, అక్కడ చెప్పుకోదగ్గ నది ఒక్కటి కలవది, వాన లేదు, ఎండకు ఆవిరి అవుడే పని.

మధ్యల ఒక ముచ్చట. సముద్రపు ఉప్పు అంటే వంటింటి ఉప్పు ఒక్కటే కాదు, సోడియం, క్లోరైడ్ కలిపి దాదాపు 86 శాతం, మిగతాది సల్ఫేట్, మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం గిట్ల. కని విచిత్రం ఏందంటే ఉప్పు ఎక్కువున్న కాడ అయినా తక్కువున్న కాడ అయినా వీటి పాళ్ళు మాత్రం నడి సముద్రంల దాదాపు ఒక్క తీరుగనే ఉంటయ్. ఛాలెంజర్ అనే ఓడ 1872 నుంచి 1876 దాక లోకమంత తిరిగి నీళ్ళు పట్టుకొచ్చింది, అండ్ల 77 శాంపిళ్ళు డిట్‌మార్ అనే ఆయన ఒక్కొక్కటి పరీక్ష చేసి 1884ల గీ సంగతి ఖాయం చేసిండు. గందుకే ఇప్పుడు అన్ని లవణాలు ఇడి ఇడిగ కొలువరు, నీళ్ళల్ల కరెంట్ ఎంత సులువుగ పారుతదో చూసి ఉప్పు లెక్క కడ్తరు.

మీ ఇంట్ల టీడీఎస్ మీటర్ ఉంటే అది చేసేది గూడ గదే పని. కని సక్కగ సముద్రపు నీళ్ళల్ల ముంచొద్దు, చాన మీటర్లు 9990 దాకనే చూపెడ్తయ్, మన 35 గ్రాముల నీళ్ళు మిల్లీగ్రాములల్ల 35000 ఉంటయ్. 100 గ్రాముల ఉప్పు నీళ్ళల్ల 900 గ్రాముల మంచి నీళ్ళు కలిపి ముంచుండ్రి, 3500కు దగ్గర దగ్గర రావాలె. సరిగ్గ గదే అంకె రాదు, ఒక్కో మీటర్ ఒక్కో తీరు లెక్క కడ్తది, నాలుగు సీసలల్ల ఏది ఎక్కువ ఏది తక్కువ అనేదన్న వరుసగ వస్తే సాలు.

మా వాడు గుడ్డు తేలేసి చూద్దాం అన్నడు. సముద్రపు నీళ్ళల్ల గుడ్డు తేలుతదని చాన మంది అనుకుంటరు, తాజా గుడ్డు తేలదు, మునుగుతది. సముద్రపు నీళ్ళు మంచి నీళ్ళ కన్న రెండు మూడు శాతమే బరువు. గుడ్డు తేలాల్నంటే కిలోకు 100 గ్రాములు దాటి ఉప్పు వెయ్యాలె. సముద్రం నీళ్ళల్లనే తేలిందంటే అది పాత గుడ్డు, పడెయ్యుండ్రి.

ఇగ అసలు పని. తొట్టిని కదలని బల్ల మీద పెట్టుండ్రి, ఫ్యాన్ బంద్ చెయ్యుండ్రి. సగం దాక 28 గ్రాముల నీళ్ళు, రంగు లేనియి పొయ్యుండ్రి. పదిహేను నిమిషాలు ముట్టొద్దు. 36.5 నీళ్ళల్ల నీలి రంగు కలిపి ఒక సీసల పోసి తలుపు కొక్కేనికి తగిలేసి సెలైన్ పైపు పెట్టుండ్రి, పైపు కొస తొట్టి అడుగుకు ఆనాలె, మూలకు టేపు వేస్తే కదలది. చక్రం కొంచెం తిప్పుండ్రి, సన్న ధార. మేము మొదటిసారి గిలాసతోని పై నుంచి గుమ్మరిచ్చినం, మొత్తం ఆకాశం రంగు అయిపోయింది, పారబోసి మళ్ళ మొదలు పెట్టినం. రెండోసారి పైపుతోని పట్టినంక చూడాలె, నీలి నీళ్ళు అడుగున పాకుకుంట పాకుకుంట అవతలి గోడ దాక పోయి తట్టుకొని మెల్లగ మీదికి లేస్తున్నయ్, పైన తెల్లటి నీళ్ళు ఇంత గూడ కలువకుండ మీదికి జరుగుతున్నయ్. అరగంటకు సగం నీలం సగం తెలుపు, మధ్యల కత్తి పెట్టి కోసినట్టు గీత. రెండిట్ల వేడి ఒక్కటే, 27 డిగ్రీలు. తేడా అంత ఎనిమిదిన్నర గ్రాముల ఉప్పుతోని వచ్చింది.

ఇప్పుడు తొట్టి ఒక దిక్కు అంచు కింద పెన్సిల్ పెట్టి, మెల్లగ గుంజి తియ్యుండ్రి. పైన నీళ్ళు కదిలినట్టే కొట్టవు, కని మధ్యల గీత మీద పెద్ద పెద్ద అలలు, స్లో మోషన్ల లెక్క, అటు పోతయ్ ఇటొస్తయ్. అసలు సముద్రంల గూడ లోపట్లోపట గిసొంటి అలలు నడుస్తయ్, పది మీటర్లు దాటి లేస్తయ్, పైన ఓడల కూసున్నోనికి కంటికి ఆనది. ఫేర్ల అందరు ఎక్కువసేపు నిలవడి చూసింది గీ పెన్సిల్ ముక్కనే.

రెండో ఆట వేడిది. ఈసారి అన్నిట్ల 35 గ్రాములే. కింద ఫ్రిజ్ల పెట్టిన 10 డిగ్రీల నీళ్ళు నీలం రంగు, పైన 30 డిగ్రీల నీళ్ళు. గీత వస్తది, కని జల్ది పల్చబడ్తది. ఎందుకంటే నీళ్ళల్ల వేడి పాకేది ఉప్పు పాకే దాని కన్న వంద రెట్లు జోరుగ. సముద్రంల ఎండ రోజు మీద నుంచి కాస్తనే ఉంటది, గందుకే ఉష్ణమండలంల పైన 26 నుంచి 30 డిగ్రీలున్న నీళ్ళు, వంద రెండొందల మీటర్లు దిగంగనే పదిహేనుకు పడిపోతయ్, వెయ్యి మీటర్లకు పోతే ఇంక పడి పది కన్న తక్కువ, నాలుగు వేల మీటర్ల కాడ ఒకటి రెండు డిగ్రీలే. మే నెల ఎండల్ల గూడ అడుగున ఫ్రిజ్ నీళ్ళే. గిట్ల ధన్‌మని పడే పొరను థర్మోక్లైన్ అంటరు.

ఉప్పు గట్టిదా వేడి గట్టిదా అని మా వాడు అడిగిండు, మంచి ప్రశ్న. మన దిక్కు ఉష్ణమండలం నీళ్ళల్ల ఒక్క గ్రాము ఉప్పు తగ్గితే నీళ్ళు ఎంత తేలికైతయో, రెండు డిగ్రీల కన్న కొంచెం ఎక్కువ వేడెక్కితే గూడ గంతే తేలికైతయ్. గీ లెక్క పట్టుకుంటే సగం సముద్రం అర్థమైతది. నది నీళ్ళతోని ఐదు గ్రాములు తగ్గిందనుకోండ్రి, పది డిగ్రీలు వేడి చేసినంత తేలిక. ఇగ గా నీళ్ళు చలికాలంల నాలుగు డిగ్రీలు చల్లబడ్డా గూడ కిందికి దిగవు, బలిమిటికి మీదనే ఉంటయ్.

దాన్ని గూడ చేసి చూడొచ్చు. తొట్టిల ముందు 25 గ్రాముల నీళ్ళు, ఫ్రిజ్లయి, 10 డిగ్రీలయి పొయ్యుండ్రి. పైపుతోని కింద 35 గ్రాముల నీళ్ళు 28 డిగ్రీలయి వదులుండ్రి. వేడియి కింద, చల్లటియి మీద. ఎవ్వలకన్న చెప్తే నమ్మరు, వేలు పెట్టి చూస్తే పైన జిల్లుమంటది, థర్మామీటర్ కిందికి దింపుతుంటే అంకె పెరుగుతది. ఇది ఇంటి ఆట ఒక్కటే కాదు, జనవరి ఫిబ్రవరిల బంగాళాఖాతం ఉత్తరం దిక్కు నిజంగ గిట్లనే ఉంటది, పైన చల్లగ, ముప్పై నలభై మీటర్ల కింద వెచ్చగ.

ఇంకొకటి ఉన్నది, అందరికి రాదు, మాకు మూడోసారి వచ్చింది. తొట్టిల ఫ్రిజ్ నీళ్ళు ఉప్పు లేనియి పొయ్యుండ్రి. 50 డిగ్రీల నీళ్ళల్ల కిలోకు ఐదు గ్రాములే ఉప్పు వేసి ఎర్ర రంగు కలుపుండ్రి. ఒక పల్చటి థర్మకోల్ ముక్క నీళ్ళ మీద తేలేసి దాని మీద చెంచ తోని ఒక్కొక్క చెంచ పొయ్యుండ్రి. వేడి ఎక్కువ, ఉప్పు తక్కువ, కాబట్టి ఎర్రయి మీదనే నిలుస్తయ్. రెండు నిమిషాలు ఓపిక పట్టి గీత దగ్గర ముక్కు పెట్టి చూడుండ్రి. సేమ్యా పోగుల లెక్క సన్న సన్న ఎర్ర దారాలు కిందికి దిగుతయ్, వాటి సందుల నుంచి తెల్లటియి మీదికి ఎక్కుతయ్. కారణం గా వంద రెట్ల లెక్కనే, ఎర్ర నీళ్ళు పక్కలకు వేడిని జల్ది ఇచ్చేస్తయ్, ఉప్పు మాత్రం ఇడువవు, వేడి పోయి ఉప్పు మిగిలితే బరువైతది, దిగుతది. వీటిని ఉప్పు వేళ్ళు అంటరు. ఉష్ణమండల అట్లాంటిక్ల వీటి వల్లనే నీళ్ళు లోపట మెట్లు మెట్లుగ కనపడ్తయ్. మా వాడు ఫోన్ల వీడియో తీసిండు, మా అక్క కూర మాడవెట్టుకొని చూసింది.

సరే, తొట్టి అయింది. ఇప్పుడు మ్యాపు తీయుండ్రి. మన వరంగల్ దగ్గర దగ్గర 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది. గదే గీత పట్టుకొని తూర్పుకు పోతే భీమిలి దాపున బంగాళాఖాతంల పడ్తరు, పడమరకు పోతే ముంబై కిందికి అరేబియాల పడ్తరు. ఎండ ఒక్కటే, అక్షాంశం ఒక్కటే, కని అటు ఉప్పు 36 దాటి ఉంటది, ఇటు పైన 30 నుంచి 33 మధ్యల అటిటు తిరుగుతది. అరేబియాకు ఎడారి గాలి తగులుతది, ఆవిరయ్యేది ఎక్కువ, వాన తక్కువ, పెద్ద నదులు తక్కువ. ఇటు వాన, మీదికెంచి అన్ని నదులు. లోకమంత చూసినా సూత్రం గదే, భూమధ్యరేఖ కాడ మబ్బులు ఎక్కువ, వాన ఎక్కువ కాబట్టి ఉప్పు కొంచెం తక్కువ, ఇరవై ముప్పై డిగ్రీల అక్షాంశాల కాడ ఎడారులున్న పట్టీల ఆవిరి ఎక్కువ కాబట్టి ఉప్పు ఎక్కువ. ఎండ ఎక్కడ ఎక్కువుంటదో అక్కడ ఉప్పు ఎక్కువ అని ట్యూషన్లల్ల చెప్తరు, అది సగమే నిజం, వాన లెక్క తియ్యకుండ ఉప్పు లెక్క రాదు.

కాలాన్ని బట్టి గూడ మారుతది. ఏప్రిల్ మే ల రెండు సముద్రాలు 30 డిగ్రీల దాక కాగుతయ్. జూన్ల గాలి మొదలు కాంగనే అరేబియా చల్లబడ్తది, సోమాలియా తీరం పొంటి గాలి పైనీళ్ళను నెట్టేస్తె లోపటి చల్లటి నీళ్ళు ఎగదన్నుకొని వస్తయ్. బంగాళాఖాతంల గాలి ఉన్నా గంత చల్లబడది, దాదాపు 28 మీదనే ఉంటది. కారణం మన మూత. కింద ఉప్పు నీళ్ళు, పైన తేలిక నీళ్ళు, గాలి ఎంత కొట్టినా మూత పగలగొట్టి చల్లటియి మీదికి తీసేంత బలం చాలది.

ఇది గూడ తొట్టిల చూడొచ్చు, టేబుల్ ఫ్యాన్ కావాలె. ఒక తొట్టిల మొత్తం 35 నీళ్ళు, ఇంకో దాంట్ల పైన తేలిక నీళ్ళ మూత వేసినయి. రెండిట్ల నీళ్ళ మీద రెండు చుక్కల ఎర్ర రంగు వేసి ఫ్యాన్ పక్కకెంచి పెట్టుండ్రి. మూత లేని దాంట్ల పది నిమిషాలల్ల ఎరుపు అడుగు దాక దిగింది. మూత ఉన్నదాంట్ల ఎరుపు గీత దాక పోయి అక్కడ్నే తిరుగుతుంది, గీత వణుకుతుంది గని తెగలే. తుఫానుకు కావాల్సింది 26.5 డిగ్రీలకు మించిన వెచ్చటి నీళ్ళు. మామూలుగ తుఫాను గాలి తన కింది నీళ్ళను తనే కలియదిప్పి చల్లటియి మీదికి తెచ్చుకుంటది, తన పొయ్యి తనే ఆర్పుకుంటది అన్నట్టు. మూత ఉంటే గట్ల ఆర్పుకోలేదు. బంగాళాఖాతంల తుఫాన్లు అరేబియా కన్న ఎక్కువ వచ్చుడుకు ఇది గూడ ఒక కారణం, ఇదొక్కటే కాదు.

ఇగ అసలు సముద్రాన్ని చదువుడు. దీనికి ఎక్కడికో పోనక్కర్లేదు, సముద్రం లేని హైదరాబాద్లనే సముద్రం ఆఫీసు ఉన్నది. ఇన్‌కాయిస్ అంటరు, 1999ల పెట్టిండ్రు, ప్రగతినగర్ దిక్కు. సునామీ హెచ్చరికలు, చేపలు ఎక్కడ దొరుకుతయో చెప్పుడు అన్ని అక్కడ్నుంచే. హిందూ మహాసముద్రంల తిరిగే ఆర్గో ఫ్లోట్ల డేటా గూడ వాళ్ళ సైట్ల ఫ్రీగ చూడొచ్చు.

ఆర్గో ఫ్లోట్ అంటే మనిషెత్తు గొట్టం. లోకమంత నాలుగు వేల దాక తిరుగుతున్నయ్. వెయ్యి మీటర్ల లోతుల ఊరికె కొట్టుకపోతుంటది, పది రోజులకొకసారి రెండు వేల మీటర్లకు దిగి, అక్కడి నుంచి మీదికి వచ్చుకుంట వేడి, ఉప్పు, లోతు కొలుసుకుంట వస్తది, పైకి రాంగనే ఉపగ్రహానికి అంకెలు పంపి మళ్ళ మునుగుతది. నూనె సంచి దాని రహస్యం, నూనెను బయటి సంచిలకు నూకితే ఉబ్బి తేలుతది, లోపటికి గుంజుకుంటే మునుగుతది.

సైట్ల మ్యాపు మీద ఒక చుక్కను పట్టుకోండ్రి, బంగాళాఖాతంల 15 డిగ్రీల అక్షాంశానికి పైన ఉన్నది అయితే మంచిది. గ్రాఫ్ తెరిస్తే ఒకటి వేడి గీత, ఒకటి ఉప్పు గీత. లోతు కిందికి పోతది, డెసిబార్ అని ఉంటది, ఒక డెసిబార్ అంటే దాదాపు ఒక మీటర్ అనుకోండ్రి. ఉప్పుకు యూనిట్ కనపడదు, 1978 స్కేల్ ప్రకారం అది ఉట్టి అంకెనే, మన గ్రాముల లెక్కకు దగ్గరగనే ఉంటది, కంగారు పడొద్దు. ముందుగాల క్వాలిటీ ఫ్లాగ్ చూడుండ్రి. 1 అంటే మంచిది, 4 అంటే చెడ్డది, 4 ఉన్న అంకెను లెక్కల పట్టొద్దు. ఫైలు పేరు ముందు ఆర్ ఉంటే అప్పటికప్పుడు వచ్చింది, డి ఉంటే తర్వాత మనుషులు కూసోని సరిచేసింది. ఉప్పు కొలిచే భాగం మీద నాచు గిట్ల పట్టి అంకె మెల్లమెల్లగ జారుతది, గందుకే గా సరిచేసుడు. మేము ఫ్లాగ్ చూడక ఒకపూట మొత్తం ఖరాబు అంకె పట్టుకొని కొత్త విషయం కనిపెట్టినం అనుకున్నం.

ఇప్పుడు స్కేలు పెన్సిల్ తీస్కొని రెండు లోతులు గుర్తు పెట్టుండ్రి. పది మీటర్ల కాడ వేడి ఎంతుందో రాసుకొని అక్కడి నుంచి 0.2 డిగ్రీలు తగ్గిన లోతు ఒకటి. ఉప్పు గీత నిట్టనిలువుగ ఉండి ఒక్కసారి కుడికి వంగే లోతు రెండోది. లెక్క కోసం నేనే అంకెలు అనుకుంట, ఉప్పు 15 మీటర్ల కాడ వంగింది, వేడి 45 మీటర్ల దాక తగ్గలే. మధ్యల 30 మీటర్లు మిగిలింది గద, గదే అడ్డు పొర. అండ్ల నీళ్ళు పైనీళ్ళంత వెచ్చగనే ఉంటయ్, కని ఉప్పు ఎక్కువ, బరువెక్కువ. పైన గాలి వచ్చి కలియదిప్పినా చల్లటియి రావు, వెచ్చటియే వస్తయ్. గదే రోజు అరేబియాల ఒక చుక్కను తెరిచి పక్కన పెట్టుండ్రి, అక్కడ రెండు లోతులు దగ్గర దగ్గర ఉంటయ్ లేకుంటే అసలు సందే కనపడది. గా రెండు గ్రాఫులు, పక్కన రెండు తొట్లు, చార్టు మీద 18 డిగ్రీల గీత, మా వాని ప్రాజెక్టు గింతే.

తొట్టిని ఫేర్ కాడికి నీళ్ళతోని మోసుకపోదామని చూడొద్దు, ఆటోల కూసునుడుతోనే మొత్తం కలుస్తది. నీళ్ళు సీసలల్ల తీస్కపోయి అక్కడ్నే పైపు పెట్టి పొయ్యుండ్రి, అరగంట ముందు పోవాలె. తలుపు కొక్కెం ఉంటదో లేదో, ఒక మేకు, సుతిల్ తాడు జేబుల పెట్టుకోండ్రి.

అయిపోయినంక మొదటి తొట్టిని కదిలియ్యకుండ మూడు రోజులు ఉంచుండ్రి. ఉప్పు తనంతట తాను పాకేది మస్తు నెమ్మది, మొదటి రోజు గీత మొద్దుబారి ఒకటి రెండు సెంటీమీటర్ల పట్టీ అయితది, మూడో రోజుకు గూడ కింద ముదురు నీలం, మీద తెలుపు తెలుస్తనే ఉంటది. మా వాడు పొద్దున సాయంత్రం స్కేలు పెట్టి పట్టీ మందం నోట్‌బుక్ల రాసిండు. నాలుగో రోజు మా అక్క తొట్టి ఖాళీ చెయ్యమన్నది. రోజూ ఇంటి నీళ్ళన్ని తులసి గద్దెల పోసే అలవాటు ఉన్నది, మా వాడు బకిట్ పట్టుకొని గటే నడిచిండు, గడప కాడ దొరికిచ్చుకున్న. గా నీళ్ళు మొక్కలకు పొయ్యొద్దు, బాత్రూంల పోసి మీదికెంచి రెండు బకిట్ల మంచి నీళ్ళు కొట్టుండ్రి.